మన ఊరి సినిమా హాల్లో ఒపేరా: డెల్టా నాటకప్రియులకు దశలవారీ మార్గదర్శి

న్యూయార్క్‌లో శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు తెర లేచే ఒపేరాను, అంటే పాటలతోనే కథ నడిపే పాశ్చాత్య సంగీత నాటకాన్ని, అదే సమయానికి వేరే దేశంలో సినిమా హాల్లో కూర్చుని చూడొచ్చు. అక్కడి మెట్రొపాలిటన్ ఒపేరా సంస్థ (ముద్దుపేరు మెట్) ఈ ప్రసారాలను 2006 డిసెంబరు 30న మోజార్ట్ స్వరపరిచిన 'మ్యాజిక్ ఫ్లూట్'తో మొదలుపెట్టింది. ఇప్పుడవి ఎన్నో దేశాల హాళ్ళకు వెళ్తున్నాయి. లండన్‌లో రాయల్ ఒపేరా కూడా ఇదే పని చేస్తోంది. మన దేశంలో ముంబయిలోని కళాకేంద్రం ఎన్‌సీపీఏలో మెట్ ఒపేరాలను తెర మీద చూపించారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం పేర్లు పెట్టి బుకింగ్ యాప్‌లో ఒపేరా కోసం వెతికితే ఏదో దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇక్కడ చూడాలంటే మనమే చూపించుకోవాలి. పదిమంది కూడి, హాలు మాట్లాడుకుని, హక్కులు తెచ్చుకుని, ఒక షో వేయించుకోవాలి.

ఒపేరా మనవాళ్ళకు ఎక్కుతుందా అని చాలామంది అడుగుతారు. తెల్లవార్లూ చాపల మీద కూర్చుని రాయబారం చూసిన ఊళ్ళు మనవి. పద్యం అయ్యాక రాగం ఎంతసేపు తీశాడో లెక్కపెట్టి, నచ్చితే వన్స్ మోర్ కొట్టి, కృష్ణుడి చేత అదే పద్యం మళ్ళీ పాడించుకున్నవాళ్ళం. మెట్‌లోనూ 2008 ఏప్రిల్‌లో హువాన్ డియేగో ఫ్లోరెస్ అనే టెనర్ (మగవాళ్ళలో పై స్థాయి గొంతు) గాయకుడు తొమ్మిది సార్లు పై షడ్జమంత ఎత్తుకు వెళ్ళే ఒక పాట పాడితే, జనం గోల ఆపలేక మళ్ళీ పాడాడు. 1994 తర్వాత ఆ వేదిక మీద వన్స్ మోర్ ఇవ్వడం అదే మొదలు. కాబట్టి కళ గురించి బెంగ వద్దు. ఇబ్బందంతా గడియారంతో, కాగితాలతో, హాలు క్యాబిన్‌లోని కేబుళ్ళతోనే.

మొదటి పని: ప్రత్యక్షమా, రికార్డా తేల్చుకోండి

ముందు గడియారం సంగతి. న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంట అంటే మనకు రాత్రి 10:30. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు గనక ఆ నెలల్లో 11:30 అవుతుంది. లండన్‌లో సాయంత్రం ఏడింటి ప్రదర్శన మనకు ఎండాకాలంలో రాత్రి 11:30కి, చలికాలంలో 12:30కి పడుతుంది. ఇటలీ, ఆస్ట్రియాల్లో సాయంత్రం ఏడింటికి మొదలైతే మనకు 10:30, చలికాలంలో 11:30. ఐరోపా గడియారాలు మారేది మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. అమెరికా తేదీలు వేరు. మధ్యలో పడే ఆ వారాల్లో లెక్క తప్పకుండా చూసుకోండి.

రెండు విరామాలు కలుపుకుని మూడు గంటల ఒపేరా రాత్రి 11:30కి మొదలైతే తెల్లవారుజామున రెండున్నర దాటుతుంది. హాలుకు సెకండ్ షో తర్వాత అదనపు షో వేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. పెద్ద హీరో సినిమాల బెనిఫిట్ షోలకు ఎంత తతంగం జరుగుతుందో మీకు తెలుసు. ఇక సఖినేటిపల్లి వైపు నుంచి నరసాపురం వచ్చేవాళ్ళు పంటు వేళలు చూసుకోవాలి, లంక గ్రామాల వాళ్ళు ఆ వేళప్పుడు తిరిగి వెళ్ళలేరు.

నా సలహా ఇది. మొదటి సారికి రికార్డు ప్రదర్శనే పెట్టుకోండి. ప్రత్యక్షంగా వెళ్ళిన ప్రదర్శననే కొద్ది రోజుల తర్వాత మళ్ళీ వేయడం విదేశీ హాళ్ళలోనూ మామూలే. అదే పాట, అదే కెమెరా, అవే విరామ ముచ్చట్లు. తేడా ఒక్కటే, గాయని పై స్వరం అందుకుంటుందో లేదో అన్న టెన్షన్ ఆ క్షణానిది కాదు. ఆ టెన్షన్ కూడా కావాలనుకునేవాళ్ళు రెండో సారికి, అక్టోబరులోనో ఏప్రిల్‌లోనో, అంటే మనకు 10:30కి మొదలయ్యే రోజుల్లో పెట్టుకోండి. మిలాన్‌లోని లా స్కాలా ఏటా డిసెంబరు 7న, ఆ ఊరి సెయింట్ ఆంబ్రోజ్ పండుగ నాడు కొత్త సీజన్ మొదలుపెడుతుంది. అక్కడ సాయంత్రం ఆరింటికి మొదలైతే మనకు 10:30. ప్రత్యక్షంగా ఒక్కటే చూస్తానంటే అలాంటి రాత్రిని ఎంచుకోండి.

రెండో పని: ఏ ఒపేరా?

ఇక్కడ మొహమాటం పడితే మొదటి షోయే ఆఖరి షో అవుతుంది. సంఘంలో ఒకరు ఇంటర్నెట్‌లో చదివి స్వరకర్త వాగ్నర్ పేరు చెబుతారు. గొప్పవాడే, కానీ ఆయన 'వాల్క్యూర్' విరామాలతో కలిపి ఐదు గంటలకు దగ్గరగా ఉంటుంది. తర్వాత చూద్దామనండి.

మొదటి షోకి నా ఓటు పుచ్చీని 'టోస్కా'కు. 1900 జనవరి 14న రోమ్‌లో మొదటిసారి ఆడింది. మూడు అంకాలు, కథంతా ఒక్క రోజు లోపే నడుస్తుంది. చిత్రకారుడు కవరదొస్సీ, అతన్ని ప్రేమించే గాయని టోస్కా, ఇద్దరినీ నలిపే పోలీసు అధికారి స్కార్పియా. మొదటి అంకం చర్చిలో, రెండోది స్కార్పియా భవనంలో, మూడోది కోట మీద. ప్రియుడిని పక్క గదిలో హింసిస్తుంటే ఆ కేకలు వింటూ టోస్కా నిలబడాలి. అతన్ని వదిలేయాలంటే తన వశం కావాలంటాడు స్కార్పియా. ఒప్పుకున్నట్టు నటించి అతన్ని పొడిచేస్తుంది. ఉత్తుత్తి తుపాకులతో కాలుస్తామన్న మాట ఆఖరికి అబద్ధమని తేలుతుంది, ప్రియుడు నిజంగానే పోతాడు, ఆమె కోట మీద నుంచి దూకేస్తుంది. కథ మొత్తం చెప్పేశానని విసుక్కోకండి. కీచకుడు చస్తాడని తెలిసీ కీచకవధ చూస్తాం కదా.

కన్నీళ్ళు కావాలంటే పుచ్చీనిదే 'లా బోహెమ్', 1896లో టూరిన్‌లో మొదలైంది. నాలుగు అంకాలున్నా సంగీతం రెండు గంటల లోపే. క్షయతో పోయే మీమీ కథ. తండ్రీకూతుళ్ళ కథ కావాలంటే వెర్డి 'రిగొలెట్టో', 1851. కొలువులో నవ్వించే గూనివాడు కూతుర్ని దాచి దాచి పెంచి, ఆఖరికి గోనెసంచిలో ఆమెనే చూసుకుంటాడు. దీని మూడో అంకంలో నలుగురు ఒకేసారి పాడే ఘట్టం ఒకటుంది. లోపల డ్యూకు ఒకమ్మాయిని మాటలతో పడేస్తుంటే, బయట చీకట్లో నిలబడి తండ్రీ కూతురూ వింటుంటారు. నలుగురివీ నాలుగు మనసులు, నాలుగు వరసలు. మన పద్యనాటకంలో ఒకరు పాడుతుంటే రెండోవారు ఆగుతారు. ఇలా నలుగురి గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతూ ఒక్కొక్కటీ విడిగా వినపడటం మనకు కొత్త అనుభవం. నన్నడిగితే ఒపేరాకు వెళ్ళాల్సిందే ఇందుకోసం.

బిజే 'కార్మెన్' అందరికీ నచ్చుతుంది, కాకపోతే నిడివి ఎక్కువ. 1875 మార్చి 3న పారిస్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఆదరణ అంతంతమాత్రమే. సరిగ్గా మూడు నెలలకు, జూన్ 3న బిజే చనిపోయాడు, అది ప్రపంచమంతా తిరగడం ఆయన చూడనేలేదు.

భారతదేశం పేరున్నవి ముందు వేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాటిలో రెండు రకాలున్నాయి. డెలీబ్ 'లక్మే' 1883 నాటిది. నీలకంఠ అనే బ్రాహ్మణ పూజారి కూతురు ఇంగ్లీషు అధికారిని ప్రేమించి, చివరికి ఉమ్మెత్త ఆకు నమిలి ప్రాణం తీసుకుంటుంది. బిజేదే 'ముత్యాల వేటగాళ్ళు' 1863లో వచ్చింది, సింహళంలో బ్రహ్మకు మొక్కే జనం కథ. పాటలు అద్భుతం, అందులోని మనదేశం మాత్రం పారిస్‌లో కూర్చుని ఊహించుకున్నది, అక్కడక్కడా హాల్లో నవ్వులు ఖాయం. రెండో రకం ఫిలిప్ గ్లాస్ 'సత్యాగ్రహ', 1980. దక్షిణాఫ్రికాలో గాంధీగారి జీవితం, పాడేది భగవద్గీత శ్లోకాలు, సంస్కృతంలోనే. మెట్ దీన్ని 2011 నవంబరులో హాళ్ళకు ప్రసారం చేసింది. శ్లోకం తెలిసినవాళ్ళకు ఒళ్ళు పులకరిస్తుంది. కానీ సంగీతం ఒకే వరసను మెల్లగా తిప్పి తిప్పి వాయిస్తూ సాగుతుంది గనక మూడో షోకో నాలుగో షోకో ఉంచుకోండి.

మూడో పని: హక్కులు

టోస్కా, రిగొలెట్టోల సంగీతానికి కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు. వెర్డి పోయింది 1901లో, పుచ్చీని 1924లో. దీన్ని చూసి మోసపోకండి. ఆ ప్రదర్శనకు, దాని రికార్డింగుకు, అందులో పాడినవాళ్ళకు వేరే హక్కులుంటాయి. ఇంట్లో చూసుకోవడానికి కట్టిన చందా ఇంటికే. అదే లాగిన్‌తో హాల్లో వంద మందికి చూపిస్తే అది బహిరంగ ప్రదర్శన. టికెట్ పెట్టకపోయినా అంతే. యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతోంది కదా అనే వాదన కూడా చెల్లదు.

అందుకని రాయాల్సింది ఒక ఈమెయిల్. ఒపేరా సంస్థ వెబ్‌సైటులో సినిమా ప్రసారాల విభాగం ఉంటుంది, లేదా వారి పంపిణీదారు పేరు ఉంటుంది. 'ఒపేరావిజన్' అనే ఉచిత వేదికలో 2017 నుంచి ఐరోపాలోని చాలా సంస్థలు తమ ప్రదర్శనలు పెడుతున్నాయి. అక్కడ నచ్చింది కనపడితే ఆ ప్రదర్శన వేసిన సంస్థకే నేరుగా రాయండి. చిన్న సంస్థలు చిన్న ఊళ్ళ మాట మన్నించే అవకాశం ఎక్కువ.

ఈమెయిల్‌లో మన ఘనచరిత్ర వద్దు. ఊరు, జిల్లా, హాలు సీట్లెన్ని, ఎన్ని షోలు, ఏ తేదీల మధ్య, టికెట్టా ఉచితమా, టికెట్టయితే ధరెంత, హాల్లో ఉన్న ప్రొజెక్టరు ఏది, డీసీపీ (హాళ్ళకు వచ్చే డిజిటల్ సినిమా ఫైలు) రూపంలో కావాలా లేక ఆన్‌లైన్ ఫైలు సరిపోతుందా, ఉపశీర్షికలు ఏ భాషలో కావాలి. ఇవి రాసి, కనీస మొత్తం ఎంత కట్టాలి, వసూళ్ళలో వాటా ఎంత అని అడగండి. పెద్ద సంస్థలు ఒక్క హాలు కోసం కదలకపోవచ్చు. అప్పుడు కాకినాడ, రాజమండ్రి, భీమవరం మిత్రులను కలుపుకుని మూడు ఊళ్ళ పేరుతో రాస్తే బరువు పెరుగుతుంది. జవాబు రావడానికి వారాలు పడుతుంది, అడ్వాన్సు ఎక్కడా ఇచ్చేయకండి.

మనవైపు కాగితం కూడా ఉంది. హాళ్ళలో ఆడే సినిమాకు సెన్సారు సర్టిఫికెట్ ఉంటుంది, ఒపేరా ప్రసారానికి మామూలుగా ఉండదు. కాబట్టి హాలుకు లైసెన్సు ఇచ్చే రెవెన్యూ అధికారుల దగ్గరకు హాలు యజమానితో కలిసి వెళ్ళి, రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. గతంలో క్రికెట్ మ్యాచ్‌లు హాళ్ళలో వేశారు గనక అడిగిన విషయం వారికి మరీ వింతగా అనిపించదు. పోలీసు స్టేషన్‌లో కూడా ఒక కాపీ ఇచ్చి ఉంచండి.

నాలుగో పని: హాలు, ఓనరు గారు

కొత్త మల్టీప్లెక్సులో సీట్లు, శబ్దం బాగుంటాయి, నిర్ణయాలు మాత్రం వేరే నగరంలో ఉన్న ఆఫీసులో జరుగుతాయి. మన ఊరి సింగిల్ స్క్రీన్‌లో ఓనరు గారు లేదా లీజుదారు గారు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూనే తేల్చేస్తారు. అడిగే తీరు తెలియాలి. "ఒపేరా అండీ, విదేశీ కళ" అని మొదలుపెడితే మర్యాదగా వినేసి పంపిస్తారు. "ఖాళీగా ఉన్న మార్నింగ్ షో ఒకటి మాకివ్వండి, అద్దె ముందే కడతాం, క్యాంటీను మీదే" అనండి.

ఏ వారం అడుగుతున్నారన్నదే అసలు బేరం. శుక్రవారం కొత్త బొమ్మ పడే రోజు, ఆ మాటే ఎత్తొద్దు. సంక్రాంతి చుట్టూ రెండు వారాలు ఏ హాలూ దొరకదు, మనవాళ్ళూ దొరకరు, కోడిపందేల బరుల దగ్గర ఉంటారు. కార్తీకమాసం ఆదివారాలు వనభోజనాలకు పోతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పరీక్షల ముందు, హాళ్ళు బోసిపోయి ఉంటాయి. అప్పుడు ఆదివారం మార్నింగ్ షో అడగండి. పదింటికి మొదలుపెడితే ఒంటిగంటకు అయిపోతుంది, మ్యాట్నీకి ఇబ్బంది లేదు. పక్క ఊళ్ళ వాళ్ళు పొద్దున బస్సులో వచ్చి భోజనాలవేళకు ఇంటికి చేరతారు.

హాలు ఎంత పెద్దదన్నది కూడా చూడండి. ఎనిమిది వందల సీట్ల హాల్లో డెబ్భై మంది చెదురుగా కూర్చుంటే పాటకు చప్పట్లు కొట్టడానికి కూడా మొహమాటపడతారు. బాల్కనీ మాత్రమే తెరిపించండి. హాలు కుదరకపోతే కళాకేంద్రమో కల్యాణ మండపమో మంచి ప్రొజెక్టరుతో పనికొస్తుంది. కాకపోతే మండపాల్లో గోడలన్నీ మోతే, మాట తేలదు.

జనరేటరు ఉందా, దాని మీద ఏసీ కూడా నడుస్తుందా, కరెంటు పోతే ప్రొజెక్టరు మళ్ళీ వెలగడానికి ఎంతసేపు పడుతుంది? మేనేజర్ గారిని ఇవి అడక్కుండా డబ్బు కట్టకండి.

ఐదో పని: క్యాబిన్‌లో ఒక సాయంత్రం

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. షోకు నాలుగైదు రోజుల ముందు, సెకండ్ షో లేని రోజున ఆపరేటర్‌తో కూర్చోండి. ఆయనకు టీ, టిఫిను మీరే చూసుకోండి, ఆ షో ఆయన చేతుల్లో ఉంది.

డీసీపీ వస్తే పని సులువు, సినిమాలాగే సర్వర్‌లోకి ఎక్కించుకుంటారు. ఆ ఫైలును తెరిచే డిజిటల్ తాళం తేదీ, గంట సరిగ్గా మన షో సమయానికి ఉన్నాయో లేదో మాత్రం చూడండి. గంట తేడా ఉంటే బొమ్మ పడదు. ల్యాప్‌టాప్ నుంచి వేయాల్సి వస్తే ప్రొజెక్టరుకు హెచ్‌డీఎంఐ దారి ఉందో లేదో కనుక్కోండి. కొన్ని పాత డిజిటల్ ప్రొజెక్టర్లకు మధ్యలో ఒక కన్వర్టర్ పెట్టె కావాలి. అది హాలులో ఉండకపోతే అద్దెకు దొరుకుతుంది, పెళ్ళిళ్ళకు ఎల్ఈడీ తెరలు పెట్టేవాళ్ళ దగ్గర అడగండి.

బొమ్మ కొలత తర్వాతి సంగతి. మన సినిమాలు ఎక్కువగా స్కోప్, వెడల్పు తెర. ఒపేరా ప్రసారం టీవీ కొలతలో ఉంటుంది. ఆపరేటర్ అలవాటుగా స్కోప్ మీద పెడితే గాయకుల తలలు తెగుతాయి, లేదా అందరూ పొట్టిగా లావుగా కనిపిస్తారు. ఫ్లాట్ మీద పెట్టించండి. ఉపశీర్షికల కింది వరస తెర నల్లబట్ట మీదకు పోకుండా చూడండి. బాల్కనీ ముందు వరసలోనూ, కింద చివరి వరసలోనూ కూర్చుని చదివి చూడాలి.

శబ్దమే అన్నిటికన్నా ముఖ్యం. మెట్ వేదికకు దాదాపు 3,800 సీట్లున్నాయి, అక్కడ గాయకులు మైకు సాయం లేకుండానే పెద్ద వాద్యబృందాన్ని దాటి ఆఖరి వరసకు వినిపిస్తారు. ప్రసారం కోసం దగ్గర్లో మైకులు పెట్టి పట్టుకుంటారు గనక మనం వినేది ఆ గొంతు బలాన్ని యథాతథంగా చెప్పదు, హాలు స్పీకర్లు దాన్ని ఇంకా మారుస్తాయి. మాస్ సినిమా ఫైట్లకు పెంచిన బేస్ అలాగే ఉంటే వాద్యాలు గుడగుడమని గొంతును మింగేస్తాయి. సబ్‌వూఫర్ తగ్గించమనండి. ల్యాప్‌టాప్ నుంచి వచ్చేది రెండు చానళ్ళ శబ్దమైతే వెనక స్పీకర్లను ఆపించి ముందువాటి మీదే నడిపించండి. విరామంలో పాటలు వేసే నాన్-సింక్ దారి సౌండు ప్రాసెసర్‌లో ఉంటుంది, చాలా హాళ్ళలో దాన్నే వాడుకోవచ్చు.

ఎంత పెంచాలో తేల్చడానికి టోస్కా మంచి పరీక్ష. మొదటి అంకం చివర చర్చి గంటలు, ఫిరంగి మోత, పిల్లలూ పెద్దలూ కలిసి పాడే ప్రార్థన, వాటన్నిటి మీద స్కార్పియా. అక్కడ చెవులు గుయ్యిమనకూడదు. మూడో అంకం మొదట్లో తెల్లవారుతుండగా దూరం నుంచి ఒక గొర్రెల కాపరి పిల్లాడి పాట వినిపిస్తుంది. అది ఏసీ హోరులో కలిసిపోకూడదు. ఈ రెండిటికీ కుదిరిన అంకె కాగితం మీద రాసి ప్రాసెసర్ పక్కనే అంటించండి. షో రోజు ఎవరైనా "సౌండు చాలట్లేదు" అని క్యాబిన్‌కు పరుగెత్తుకొస్తారు, ఆ కాగితం చూపించాలి.

పెదాలూ పాటా కలుస్తున్నాయా? కన్వర్టర్ పెట్టె మధ్యలో ఉంటే బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, పాట ముందే వినిపిస్తుంది. సినిమాలో డబ్బింగ్ తేడాను సర్దుకుపోతాం, ఒపేరాలో కెమెరా నోటి మీదే ఉంటుంది గనక భరించలేం. ప్రాసెసర్‌లో శబ్దాన్ని మిల్లీసెకన్లలో వెనక్కి జరిపే సదుపాయం ఉంటుంది. ప్రేక్షకులు చప్పట్లు కొట్టే చోటు చూసి సరిచేయమనండి.

ప్రత్యక్ష ప్రసారం ఇంటర్నెట్ మీద తీసుకుంటుంటే వైఫై వద్దు, ఫైబర్ లైను నుంచి నేరుగా తీగ లాగించండి. కనీసం 10 ఎంబీపీఎస్ నికరంగా రావాలి, వేరే కంపెనీది ఇంకో కనెక్షన్ సిద్ధంగా ఉండాలి. అదే వారంలో, అదే వేళకు, మూడు గంటలు ఆగకుండా నడిపి చూడండి. పది నిమిషాల పరీక్ష పరీక్ష కిందకు రాదు.

ఆరో పని: కథ ముందే పంచిపెట్టండి

ఉపశీర్షికలు ఇంగ్లీషులో వస్తాయి. చదవగలిగినవాళ్ళకు కూడా తెర మీద కన్ను, అక్షరం మీద కన్ను పెట్టడం అలవాటు లేకపోతే మొదటి అంకం అంతా చదవడంతోనే పోతుంది. యూట్యూబ్ తనంతట తాను చేసే తెలుగు అనువాదాన్ని మాత్రం నమ్ముకోకండి, విషాదం కాస్తా హాస్యమైపోతుంది.

రాయబారం కథ తెలుసుకోవడానికి ఎవరూ రాయబారం చూడరు. ఎలా పాడతాడో చూడటానికి వెళ్తాం. ఒపేరా ప్రేక్షకులు చేసేదీ అదే. అందుకని అంకానికి ఒక పేరా చొప్పున తెలుగులో కథ రాసి, పాత్రల పేర్లు పెద్ద అక్షరాల్లో పెట్టి, కాగితానికి రెండువైపులా అచ్చు వేయించండి. అదే వారం ముందు వాట్సాప్‌లో పంపండి. కింద రెండు మూడు పాటల గుర్తులు రాయండి: రెండో అంకంలో స్కార్పియా గదిలో టోస్కా ఒంటరిగా "కళ కోసమే బతికాను, ఎవరికీ కీడు చేయలేదు, నాకెందుకీ శిక్ష" అని దేవుణ్ణి అడిగే చోటు, మూడో అంకంలో చావుకు గంట ముందు కవరదొస్సీ నక్షత్రాల రాత్రిని తలచుకునే చోటు. అక్కడ కాగితం పక్కన పెట్టి, ఉపశీర్షిక కూడా వదిలేసి, గొంతు వినమని చెప్పండి.

ఇంకో మంచి మార్గం ఉంది. పరిషత్తు నాటకాల్లో వేసే పెద్దమనిషి ఒకరిని పట్టుకుని, ప్రతి అంకానికి ముందు మూడు నిమిషాలు కథ చెప్పించండి. మూడే నిమిషాలని రెండుసార్లు చెప్పండి, మైకు దొరికితే మనవాళ్ళు వదలరు.

ఏడో పని: షో రోజు

తలుపులు గంట ముందు తీయించండి. ఒపేరా మొదలయ్యాక వచ్చేవారిని అంకం అయ్యేదాకా బయటే ఆపడం అక్కడి పద్ధతి. మన దగ్గర అంత కఠినంగా వద్దు, ఆలస్యంగా వచ్చినవాళ్ళను చివరి వరసలో టార్చి లేకుండా కూర్చోబెట్టే మనిషిని తలుపు దగ్గర పెట్టండి. ప్రకటనలు, ట్రైలర్లు వేయొద్దని ఆపరేటర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

వాద్యబృందం శ్రుతి చేసుకునే మోత వినిపించగానే సెల్‌ఫోన్లు ఆపమని చెప్పే సమయం. పాట అయ్యాక చప్పట్లు కొట్టాలా? కొట్టండి. తెరలోని హాల్లో కొడుతూనే ఉంటారు, ఇక్కడ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనేముంది. వన్స్ మోర్ అనాలనిపిస్తే అనండి, పాడేవాళ్ళకు వినపడకపోయినా పక్కవాళ్ళకు హుషారు. ఈలల విషయంలో ఒక్క మాట. ఇటలీ హాళ్ళలో ఈల వేస్తే బాగోలేదని తిట్టినట్టు. మన హాల్లో మన అర్థమే చెల్లుతుంది, ఆయ్, అయినా నేలక్లాసు ఈలలు మెల్లని పాటలో మాత్రం వద్దు.

విరామాల్లో అందరినీ బయటకు తరిమేయకండి. మెట్ ప్రసారంలో విరామమప్పుడు కెమెరా తెర వెనకకు వెళ్తుంది. అప్పుడే కత్తిపోటుకు చచ్చిన స్కార్పియా నవ్వుతూ వచ్చి మాట్లాడతాడు, వెనక గోడలు, మెట్లు, గది మొత్తం పనివాళ్ళు తోసుకుపోతుంటారు. రంగస్థలం వెనక తాళ్ళు లాగినవాళ్ళెవరైనా మీ ఊళ్ళో ఉంటే వాళ్ళను తప్పకుండా కూర్చోబెట్టండి, వాళ్ళకు పాటకన్నా ఇదే నచ్చుతుంది. టీ, పెసర పునుగులు తేవడానికి ఇద్దరు కుర్రాళ్ళు చాలు. విరామం ఇరవై నిమిషాలకు పైగానే ఉంటుంది గనక కంగారు అక్కర్లేదు. రికార్డు ప్రదర్శనలో విరామం తగ్గిస్తారు, మీకు వచ్చిన ఫైలులో ఎంత ఉందో పరీక్ష రోజే రాసిపెట్టుకుని క్యాంటీను వాళ్ళకు చెప్పండి.

బొమ్మ ఆగితే ఎవరు మైకు పట్టుకోవాలో ముందే తేల్చుకోండి. "రెండు నిమిషాలండీ" అని ఒక మనిషి వెలుతురులో నిలబడి చెబితే జనం ఓపిక పడతారు. చీకట్లో ఎవరూ ఏమీ చెప్పకపోతే కుర్చీలు మోగుతాయి.

షో తర్వాత

హాలు బయటకు వచ్చేవాళ్ళను అక్కడే పట్టుకుని, తర్వాత ఏది కావాలో అడగండి. ఇంటికి వెళ్ళాక ఎవరూ చెప్పరు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎలా వచ్చారో రాసుకుంటే వచ్చే షోకు హాలు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఎక్కువమంది కోనసీమ వైపు వాళ్ళయితే అమలాపురం, పడమటి డెల్టా వాళ్ళయితే భీమవరమో పాలకొల్లో.

హక్కులిచ్చిన సంస్థకు టికెట్ల లెక్క, వచ్చినవారి సంఖ్య, హాలు మేనేజర్ సంతకంతో వారంలోగా పంపండి. వాళ్ళు అడిగే లోపే పంపితే రెండో ఈమెయిల్‌కు జవాబు త్వరగా వస్తుంది. ఫైలును ఒప్పందం ప్రకారం తుడిచేశామని ఆపరేటర్ చేత ఒక కాగితం రాయించి దానికి జత చేయండి. ఓనరు గారికి మిగిలిన అద్దె ఆ రోజే కట్టేసి, వచ్చే ఫిబ్రవరిలో ఆదివారం మార్నింగ్ షో తేదీ ఒకటి ఆయన డైరీలో రాయించుకుని రండి.